సెట్ మారలేదు, చోటు మారింది

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా అబ్బాయికి 22 ఏళ్లు, బీకాం అయిపోయింది. రెండేళ్లుగా ఒక డీజే దగ్గర పనిచేస్తూ పెళ్లిళ్లకు వెళ్తున్నాడు. ఇప్పుడు సొంతంగా సౌండూ లైట్లూ కొంటానంటున్నాడు. ఆరు లక్షలవుతుందట. రెండు లక్షలు దాచుకున్నాడు, మిగతా నాలుగు లక్షలకు నా బంగారం పెట్టమంటున్నాడు. మొన్న వాళ్ల ఓనరు ఊళ్లో లేకపోతే ఆ సెట్ తీసుకుని ఒక ఫంక్షన్ హాల్‌కి వీడొక్కడే వెళ్లాడు. ఒక్క ముక్క అర్థం కాలేదని, తలనొప్పి వచ్చిందని పెళ్లివారు సగం డబ్బులే ఇచ్చారు. ముందు వారం అదే సెట్‌తో మా ఊరి చెరువుగట్టు దగ్గర రిసెప్షన్ చేస్తే అందరూ మెచ్చుకున్నారు. సెట్ పాతదైపోయింది, అందుకే ఇలా అయిందని వీడి వాదన. వాళ్ల నాన్నగారేమో బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు. ఇది అసలు బతుకుతెరువేనా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, జవాబు సగం మీ ఉత్తరంలోనే ఉంది. చెరువుగట్టు దగ్గర మెప్పు తెచ్చిన సెట్టే వారం తిరక్కుండా హాల్లో పరువు తీసింది. వారంలో సెట్ పాతబడదు. చోటు మారింది, మీ అబ్బాయి మారలేదు. ఆరు లక్షలు పోసి కొత్త సెట్ తెచ్చినా ఆ హాల్లో అదే గోల వినిపిస్తుంది, కాకపోతే ఇంకా గట్టిగా.

ఇది బతుకుతెరువే. కానీ అతను ఇంకా నేర్చుకోవలసింది చోటును చదవడం. బంగారం సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ రోజు హాల్లో ఏం జరిగి ఉంటుందో చెప్తాను. దీన్ని అతనికి కూడా చదివి వినిపించండి.

మన ఫంక్షన్ హాళ్లు జనం పట్టడానికి, భోజనాలు పెట్టడానికి కట్టినవి. పాట వినడం కోసం ఎవరూ కట్టలేదు. కింద నున్నటి టైల్స్, పైన శ్లాబో రేకులో, చుట్టూ ఉత్త గోడలు, ఒక పక్క అద్దాల తలుపులు. బాక్సులోంచి వచ్చిన మాట జనం చెవుల్లో పడి ఊరుకోదు. వెనక గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది, మళ్లీ ముందు గోడకు తగులుతుంది. మొదటి మాట చల్లారకముందే రెండో మాట దాని మీద పడుతుంది. అప్పుడు పెళ్లివారు 'అర్థం కావట్లేదు' అంటారు. కొత్త కుర్రాడు దాన్ని 'వినపడట్లేదు' అనుకుని వాల్యూమ్ పెంచుతాడు. పెంచితే గోడ నుంచి వచ్చేది కూడా అంతే పెరుగుతుంది. మీవాడు ఆ రోజు చేసింది ఇదేనని పందెం కాస్తాను.

అక్కడ చేయవలసింది వేరు. మాటా పాటా వినిపించే టాప్ బాక్సుల్ని స్టాండ్ల మీద ఎత్తుగా పెట్టి, మూతి కాస్త కిందికి వంచి, జనం మీదికి తిప్పాలి. మనుషులూ వాళ్ల పట్టుబట్టలూ శబ్దాన్ని పీల్చుకుంటాయి, టైల్స్ పీల్చుకోవు. హాలు పొడుగ్గా ఉంటే స్టేజీ దగ్గరి బాక్సుల్నే వెనక వరస దాకా అరిపించకూడదు. మధ్యలో చిన్నవి ఇంకో జత పెట్టి, వాటికి డిలే ఇవ్వాలి, అంటే వాటిలోంచి శబ్దం కాస్త ఆలస్యంగా వచ్చేలా చేయాలి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే స్టేజీకి 17 మీటర్ల దూరంలో పెట్టిన జతకు దాదాపు 50 మిల్లీసెకన్ల డిలే కావాలి, లేకపోతే వెనక కూర్చున్నవాళ్లకు ప్రతి దరువూ రెండుసార్లు పడుతుంది. బేస్ బాక్సును మూలకు తోస్తే బేస్ దానంతటదే పెరుగుతుంది. మైదానంలో గోడ దొరికితే అది లాభం, ఇలాంటి హాల్లో మాత్రం శబ్దమంతా బురదలా కలగాపులగం. ఇంకొకటి, సాయంత్రం నాలుగింటికి ఖాళీ హాల్లో చూసుకున్న సెట్టింగు రాత్రి ఎనిమిదింటికి పనికిరాదు. ఎనిమిది వందల మంది వచ్చి కూర్చున్నాక అది వేరే హాలు. లేచి వెనక దాకా నడిచి విని రావాలి. కన్సోల్ వెనక నుంచి కదలని డీజేని చూస్తే నాకు నమ్మకం ఉండదు.

చెరువుగట్టు దగ్గర ఈ తలనొప్పి లేదు. తిరిగొట్టే గోడే లేదు కాబట్టి పాట తేటగా వినిపించింది. అక్కడ కష్టం ఇంకో రకంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. 10 మీటర్ల దగ్గర బాగున్నది 40 మీటర్ల దగ్గర 12 డెసిబెల్స్ తక్కువ. ఒక్క 6 డెసిబెల్స్ వెనక్కి తెచ్చుకోవాలన్నా నాలుగింతల పవర్ కావాలి. మీ అబ్బాయి చెప్పే ఆరు లక్షల్లో ఎక్కువ భాగం ఈ నాలుగింతల కోసమేనేమో అడగండి. రెండు బాక్సుల్ని జనం దగ్గరికి జరిపితే చాలా చోట్ల ఆ ఖర్చు తప్పుతుంది.

అపార్ట్‌మెంట్ సెల్లార్లో హల్దీ, మేడ మీద పుట్టినరోజు లాంటివి చిన్న పనులని కుర్రాళ్లు చిన్నచూపు చూస్తారు. సెల్లార్లో కప్పు చేతికి అందేంత ఎత్తులో ఉంటుంది, సన్నటి కిరణం వేసే షార్పీ లైటు తిప్పితే సూటిగా కళ్లలో పడుతుంది. అక్కడికి ఒక జత బాక్సులు, రంగు వెలుతురు పరిచే పార్ లైట్లు నాలుగు చాలు. ఆటోలో పట్టేస్తాయి, మోసే మనుషుల కూలి కూడా మిగులుతుంది.

లైట్ల దగ్గర ఇంకా ఎక్కువ పొరపాట్లు చూస్తుంటాను. మా చెల్లెలి కూతురి పెళ్లిలో డీజే కుర్రాడు తలంబ్రాల వేళ లైట్లను ఆటో మోడ్‌లో వదిలేసి భోజనానికి వెళ్లాడు. పసుపు పూసుకున్న ముఖం పచ్చగా ఉంటే అందమే గానీ, ఆల్బమ్‌లో మా పిల్ల ముఖం సగం ఫొటోల్లో ఆకుపచ్చ, మిగతా సగంలో నీలం. వేదిక మీద ముఖాలకు వెచ్చని తెలుపే పడాలి. రంగులు వెనక తెర మీద, పూల మీద, డాన్స్ చేసేచోట. ఫొటోగ్రాఫర్‌తో ముందే ఒక్క నిమిషం మాట్లాడితే చాలు. చవక ఎల్‌ఈడీలు కంటికి బాగానే కనిపిస్తాయి గానీ వీడియోలో చారలు పడతాయి. లేజర్ నేరుగా కెమెరాలో పడితే సెన్సర్ పోవచ్చు, ఆ బిల్లు ఎవరు కడతారు?

గాలిలో పొగో మంచులాంటి హేజో లేకపోతే షార్పీ కిరణం కనిపించదు. పొగ వదిలితే పెద్ద హోటల్లో స్మోక్ డిటెక్టర్ మోగి జనమంతా బయటికి పరుగెత్తే ప్రమాదం ఉంది, కాబట్టి మేనేజరును ముందే అడగాలి. హోమం జరుగుతున్న మండపంలో ఆ మెషీనే అక్కర్లేదు, పంతులుగారే చూసుకుంటారు. పగటి రిసెప్షన్‌కి లైట్లు మోసుకుపోవడం వృథా. ఎండ ముందు ఏ లైటూ నిలవదు. ఇక ఆటో మోడ్ మానాలంటే డీఎంఎక్స్, అంటే లైట్లన్నిటినీ ఒక్కచోట నుంచి నడిపే పద్ధతి, నేర్చుకోవాలి. ఒక లైనులో 512 ఛానళ్లుంటాయి. ప్రతి లైటుకూ దాని అడ్రస్ ఇస్తే ఏది ఎప్పుడు ఏ రంగులో వెలగాలో మన చేతిలో ఉంటుంది. ఇది వారం రోజుల్లో పట్టుబడే విద్య, రెండేళ్లలో అతనికి ఎవరూ నేర్పలేదంటే ఓనరును మార్చే సమయం వచ్చిందేమో.

కరెంటు దగ్గర మాత్రం నేను గట్టిగా చెప్తాను. 16 ఆంపియర్ల సాకెట్ ఒకటి 230 వోల్టుల మీద సుమారు 3,700 వాట్ల దాకానే మోస్తుంది. ఆంప్లిఫయర్లూ షార్పీలూ పొగ మెషీనూ అన్నీ ఒకే బోర్డుకు తగిలిస్తే సరిగ్గా పాట మంచి ఊపులో ఉన్నప్పుడు ఫ్యూజు పోతుంది. అంతకన్నా భయంకరమైనది వదులైన న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ. త్రీఫేజ్ ఉన్న హాల్లో న్యూట్రల్ తెగితే ఒక లైనులో వోల్టేజి 400 వైపు ఎగబాకుతుంది, కళ్ల ముందే సెట్ కాలిపోతుంది. ఏదైనా తగిలించే ముందు మల్టీమీటర్ పెట్టి చూడటం, ఎర్తింగ్ ఉందో లేదో చూడటం అలవాటు కావాలి. బండి మీద బాక్సులు పేర్చి ఊరేగింపుకు వెళ్తే పైన వేలాడే కరెంటు తీగల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ బండ్ల మీద పైకెక్కి నిలబడవద్దని మీరు తల్లిగా ఒట్టు వేయించుకున్నా తప్పులేదు.

రూల్స్ కూడా చోటును బట్టే. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట వాడకూడదు, మూసి ఉన్న హాళ్లకు మినహాయింపు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్లను ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. మన ముహూర్తాలేమో అర్ధరాత్రి కూడా ఉంటాయి! బేరం మాట్లాడేటప్పుడే పది గంటల మాట తేల్చుకోకపోతే రాత్రికి పెళ్లికొడుకు మేనమామకూ పోలీసులకూ మధ్య నలిగేది మీవాడే. హైదరాబాద్‌లో 2024 అక్టోబరులో పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఊరేగింపుల కోసమే పెద్ద బేస్ సెట్ కొనడమంటే, ఒక్క ఉత్తర్వుతో మూలన పడగల సరుకు మీద అప్పు చేయడమే. పాటల హక్కుల విషయంలో పెళ్లికీ పెళ్లి ఊరేగింపుకూ కాపీరైట్ చట్టం 52(1)(za) సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. కంపెనీ పార్టీలకూ న్యూ ఇయర్ ఈవెంట్లకూ ఇది వర్తించదు, అక్కడ లైసెన్సు ఎవరు తీసుకుంటారో ముందే అడగాలి.

ఇప్పుడు బంగారం. నాలుగు లక్షలు 12 శాతం వడ్డీకి తెచ్చి మూడేళ్లలో తీర్చాలంటే నెలకు 13,000 పైచిలుకు వాయిదా. పెళ్లిళ్లకు ఆషాఢం ఉంది, పుష్యం ఉంది, మూఢం ఉంది. వాయిదాకు ఇవేవీ లేవు. బీకాం చదివాడు కదా, పోయిన సంవత్సరం వాళ్ల ఓనరుకు ఏ నెలలో ఎన్ని ఆర్డర్లు వచ్చాయో ఒక కాగితం మీద వేసి చూపించమనండి. ఖాళీ నెలల్లో వాయిదా ఎలా కడతాడో ఆ కాగితం మీదే రాయమనండి. అది చూశాక మాట్లాడండి. కాగితం వేయడానికి బద్ధకిస్తే మీ జవాబు మీకు దొరికినట్లే.

నా సలహా అప్పు వద్దని. తన రెండు లక్షల్లో ఇమిడేలా మంచి టాప్‌లు ఒక జత, ఒక కంట్రోలర్, కొన్ని పార్ లైట్లు, మంచి కేబుళ్లు కొనుక్కోనివ్వండి. బేస్ బాక్సులూ షార్పీలూ లైట్లు వేలాడదీసే ట్రస్సూ ఆర్డరును బట్టి అద్దెకు తేవాలి. అద్దె చూపించి పెళ్లివారి దగ్గర రేటు అడగవచ్చు, ఇంట్లో పడి ఉన్న సొంత బాక్సు చూపించి అడగలేం. వచ్చే సీజన్ అంతా ఒక నోటుబుక్కు పెట్టమనండి. వెళ్లిన ప్రతి హాలుకీ ఒక పేజీ: పొడవు వెడల్పులు, పైకప్పు శ్లాబా రేకులా, మెయిన్ బోర్డు ఎక్కడ, జనరేటర్ ఎంత, మేళం వాళ్లు ఎక్కడ కూర్చుంటారు, పక్కన ఇళ్లున్నాయా, ఏ సెట్టింగు కుదిరింది, ఎక్కడ తిట్లు పడ్డాయి. మేళం సంగతి ఊరికే రాయలేదు. జీలకర్ర బెల్లం వేళకు డీజే ఫేడర్, అంటే వాల్యూమ్ మీట, సున్నాలో ఉండాలి, పంతులుగారి మైకు కూత పెట్టకుండా ఉండాలి. ఆ రెండు నిమిషాలు సరిగ్గా చేసినవాణ్ని పెళ్లిపెద్దలు గుర్తుపెట్టుకుని ఇంకో పెళ్లికి పిలుస్తారు.

వాళ్ల నాన్నగారికి కూడా ఒక మాట. బ్యాంకు పరీక్షలు రాయడం తప్పుకాదు, కానీ మనసు లేనివాడు రాసే పరీక్షకు రెండేళ్లు సులువుగా పోతాయి. ఆ రెండేళ్లకు బదులు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ ఉంది. అది కూడా రెండేళ్లే, పదో తరగతి అర్హత చాలు. చేతిలో ఆ సర్టిఫికెట్టూ డీఎంఎక్స్, సౌండ్ పట్టూ ఉంటే విజయవాడ, విశాఖ, హైదరాబాద్‌లలో ఈవెంట్ సామగ్రి అద్దెకిచ్చే సంస్థల్లోనూ, హోటళ్లు, కన్వెన్షన్ సెంటర్లలోనూ టెక్నీషియన్ పనికి ప్రయత్నించవచ్చు. అక్కడ నెల జీతం, ఆషాఢం టెన్షన్ లేదు. నాలుగేళ్ల తర్వాత సొంత సెట్ కొన్నా అప్పటికి ఏది కొనాలో తెలుస్తుంది.

చివరగా, ఓనరు చెప్పని సంగతి ఒకటి. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు చెవి తట్టుకుంటుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. బాక్సుల పక్కన సీజన్‌కు ఎన్ని రాత్రులు నిలబడతాడో మీకు తెలుసు. పెళ్లి నుంచి వచ్చిన రాత్రి చెవిలో గుయ్యిమంటోందా అని అడగండి. అవునంటే ఇయర్ ప్లగ్గులు వెంటనే కొనాలి, మరుసటి రోజుకూ తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించాలి. మిగతావన్నీ వచ్చే సీజన్ దాకా ఆగవచ్చు.