కాన్పు నాటి బీపీ, ఇప్పటి మతిమరుపు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 38 ఏళ్లు. బాబు కడుపులో ఉండగా ఎనిమిదో నెలలో బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోతోందని, ప్రీఎక్లాంప్సియా అని సిజేరియన్ చేశారు. తర్వాత బీపీ తగ్గింది, మందులూ ఆపేశారు. ఈమధ్య స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోతున్నాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?
- ఒక సోదరి, గాజువాక

జవాబు: టెన్షన్ పడకండమ్మా, పాలు పొంగితే డిమెన్షియా (మతిమరుపు ముదిరే జబ్బు) వచ్చినట్టు కాదు. మీ వయసులో ముందు చూడాల్సినవి నిద్ర, రక్తహీనత, థైరాయిడ్, బీ12, దిగులు. అలాగని సంబంధమే లేదని కొట్టిపారేయను. కాన్పుతో ఆ గొడవ తీరిపోయిందనుకుంటాం గానీ, ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకు తర్వాత బీపీ, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఎక్కువ. డెన్మార్క్‌లో లక్షల మంది తల్లుల రికార్డులు చూసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చే డిమెన్షియా ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లలో, రానివాళ్లకంటే మూడు రెట్లకు పైగా కనిపించింది (మొత్తం మీద అది తక్కువ మందికే వస్తుంది లెండి).

మీ చేతిలో ఉన్నది బీపీ. మెట్లెక్కి ఆయాసంతో వచ్చి చేయి చాపితే ఎవరికైనా ఎక్కువే చూపిస్తుంది, అందుకే ఇంట్లో మిషన్ పెట్టుకుని, కాఫీ తాగకముందే, ఐదు నిమిషాలు వెనక్కి ఆనుకుని కూర్చుని, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, వారం పాటు పొద్దునా సాయంత్రం రాసుకోండి. సగటు 135/85 దాటితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, పాత డిశ్చార్జ్ కాగితం తప్పకుండా చూపించండి, వాళ్లు అడగకపోయినా సరే. ఎండుచేపలు, ఆవకాయ తగ్గించాలి. నడకకు బీచ్ రోడ్డు దాకా రానక్కర్లేదు, మీ వీధి చాలు.