బంకమట్టి కలిపిన మెంబ్రేన్‌పై ప్రాజెక్టు చేస్తే ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది చదువుతున్నాను. నీటి శుద్ధికి వాడే పాలిమర్ మెంబ్రేన్‌లో (సన్నని వడపోత పొరలో) క్లే, అంటే బంకమట్టి, కలపడం ప్రాజెక్టుగా ఇచ్చారు. దీంతో ఉద్యోగం దొరుకుతుందా? ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: క్లే కలపడం తెలిసినంత మాత్రాన ఉద్యోగం రాదు. మెంబ్రేన్‌ను నమ్మకంగా తయారు చేసి, పరీక్షించి, ఎందుకు మూసుకుపోయిందో చెప్పగలిగితే మాత్రం మెంబ్రేన్ తయారీ సంస్థల్లోనూ నీటి శుద్ధి ప్లాంట్లలోనూ పని ఉంటుంది. ప్రాజెక్టును ఆ దిశగా మలుచుకోండి.

పాలిమర్‌గా పాలీఈథర్‌సల్ఫోన్, క్లేగా మాంట్‌మోరిల్లోనైట్ తీసుకోండి. రెండు మూడు రకాల క్లేలు పోల్చాలన్న ఆశ వద్దు, సమయం చాలదు. 100 గ్రాముల ద్రావణానికి పాలిమర్ 16 గ్రాములు, క్లే పాలిమర్ బరువులో 1 శాతం, అంటే 0.16 గ్రాములు, మిగతాది డైమిథైల్ అసిటమైడ్ అనే సాల్వెంట్ (కరిగించే ద్రవం). పేపర్లలో ఆ శాతం పాలిమర్‌కా, మొత్తం ద్రావణానికా అన్నది చూడకపోతే ఆరు రెట్లు ఎక్కువ మట్టి పడుతుంది.

క్లేను ముందుగా ఓవెన్‌లో ఆరబెట్టాలి, అందులోని తేమ ద్రావణాన్ని చెడగొడుతుంది. ఆరిన క్లేను సాల్వెంట్‌లో వేసి గంటసేపు అల్ట్రాసోనికేట్ చేశాకే (అతిధ్వని తరంగాలతో విడగొట్టాకే) పాలిమర్ కలపాలి. పాలిమర్ ముందే వేస్తే ద్రావణం చిక్కబడి క్లే విడిపోదు, ముద్దలు కడుతుంది. ఆ ముద్దల దగ్గరే మెంబ్రేన్‌లో లోపాలు వస్తాయి. మామూలు సోడియం క్లే నీటిని ఇష్టపడుతుంది గానీ ఇలాంటి సాల్వెంట్లలో సరిగా విడిపోదు. అమ్మోనియం లవణాలతో మార్చిన క్లే బాగా విడిపోతుంది, కానీ నీటిపై మక్కువ తగ్గుతుంది. మీ థీసిస్‌లో అసలు చర్చ ఇక్కడే ఉంటుంది.

ద్రావణాన్ని రాత్రంతా కదలకుండా ఉంచి బుడగలు పోనివ్వండి. గాజు పలకపై 200 మైక్రాన్ల మందంలో పరిచి వెంటనే నీటిలో ముంచండి. ఆలస్యమైతే గాలిలోని తేమ వల్ల పై పొర తెల్లబడి రంధ్రాల తీరు మారిపోతుంది. తయారైన మెంబ్రేన్‌ను ఆరనివ్వకండి, ఆరితే రంధ్రాలు కుంచించుకుపోతాయి. డైమిథైల్ అసిటమైడ్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, కడుపులోని బిడ్డకు హాని చేయగలదు. ఫ్యూమ్ హుడ్, తగిన గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

ఫ్లక్స్ (నిర్ణీత వైశాల్యం గుండా నిర్ణీత సమయంలో వచ్చే నీరు) కొలిచేముందు కొంచెం ఎక్కువ పీడనంలో అరగంట నుంచి గంట వరకు నీరు పంపి మెంబ్రేన్‌ను సర్దుకోనివ్వండి. 15 చదరపు సెంటీమీటర్ల మెంబ్రేన్ నుంచి 10 నిమిషాల్లో 30 మి.లీ. నీరు వస్తే ఫ్లక్స్ గంటకు, చదరపు మీటరుకు 120 లీటర్లు. తర్వాత మెంబ్రేన్ మూసుకుపోయేలా ప్రొటీన్ ద్రావణం పంపి, నీటితో కడిగి, ఫ్లక్స్ ఎంత తిరిగొచ్చిందో చూడండి. ప్రతి కూర్పుకూ వేర్వేరుగా పరిచిన మూడు ముక్కలైనా పరీక్షించాలి. ఒకే ముక్కపై వచ్చిన అందమైన అంకెను ఇంటర్వ్యూలో ఎవరూ లెక్కచేయరు.

చాలామంది వదిలేసే పరీక్ష ఒకటుంది. ప్లాంట్లలో మెంబ్రేన్లను సోడియం హైపోక్లోరైట్‌తో కడుగుతారు. మీ మెంబ్రేన్‌నూ అందులో నానబెట్టి, క్లే బయటికి వస్తోందేమో క్లేలో ఉండే అల్యూమినియం, సిలికాన్ ఆ నీటిలో ఎంత ఉన్నాయో కొలిచి చూడండి. సోడియం క్లే వాడితే, క్లే కలపని మెంబ్రేన్‌తో పోల్చి కాంటాక్ట్ యాంగిల్ (ఉపరితలంపై నీటిబొట్టు చేసే కోణం, నీటిపై మక్కువ పెరిగితే తగ్గుతుంది) కొలవండి. అది తగ్గకపోతే క్లే ఉపరితలానికి చేరనట్టే అయి ఉండవచ్చు.

ప్లాంటు ఉద్యోగమే లక్ష్యమైతే రివర్స్ ఆస్మాసిస్ ప్రీట్రీట్‌మెంట్ (ఆర్‌ఓ మెంబ్రేన్‌కు పంపేముందు నీటిని శుభ్రం చేయడం), పంపుల పీడన లెక్కలు కూడా నేర్చుకోండి. పరిశోధనలోనే ఉండాలనుకుంటే పీహెచ్‌డీకి పాలిమర్ లేదా కెమికల్ ఇంజనీరింగ్ విభాగం చూసుకోండి.