రక్తం పలుచబడే మందుల విషయంలో ఆసుపత్రుల్లో ఇన్ని పొరపాట్లు ఎందుకు జరుగుతాయి?

డాక్టర్ల చేతిరాత వల్ల అని చాలామంది అంటారు. నేనైతే ఒప్పుకోను. కొత్త మందు రాయడానికి అందరూ ముందుంటారు, పాత మందు కొట్టేసే పని మాత్రం ఎవరిదీ కాదు. అసలు జబ్బు అదే.

మా అమ్మకి గుండె లయ తప్పే సమస్య. రక్తం పలుచబడ్డానికి ఏళ్ల తరబడి వార్ఫరిన్ మాత్ర వాడేది. న్యుమోనియాతో అడ్మిట్ చేశాక, యాంటీబయాటిక్స్‌తో ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలుచబడిందో చెప్పే పరీక్ష అంకె, మరీ పెరిగితే రక్తస్రావం భయం) ఒకచోట నిలవట్లేదని గుండె డాక్టరు గారు వార్ఫరిన్ బదులు అదే పని చేసే అపిక్సబాన్ రాసి వెళ్లారు. రాత్రి సిస్టర్ తెచ్చిన చిన్న ప్లాస్టిక్ మూతలో రెండూ ఉన్నాయి! ఇంట్లో రోజూ మందుల డబ్బా సర్దేది నేనే కాబట్టి వార్ఫరిన్ మాత్రని చూడగానే గుర్తుపట్టాను. "ఇది మార్చేశారు కదమ్మా" అంటే, "చార్ట్‌లో రెండూ ఉన్నాయండీ, నేనేం చేయను?" అంది. నిజంగానే ఉన్నాయి, ఆమెననడానికి లేదు. డ్యూటీ డాక్టరేమో, "కొన్నాళ్లు రెండూ కలిపి ఇవ్వడం మామూలేనండీ" అన్నాడు. గూగుల్‌లో చదివొచ్చిన బాపతు అనుకున్నట్టున్నాడు నన్ను.

మెలికంతా ఇక్కడే ఉంది. హెపారిన్, ఎనాక్సాపరిన్ లాంటి ఇంజెక్షన్ల నుంచి వార్ఫరిన్‌కి మారేటప్పుడు రెండూ కలిపే ఇస్తారు, కనీసం 5 రోజులు, ఐఎన్‌ఆర్ 2 దాటి నిలబడేదాకా. వార్ఫరిన్ అందుకోవడానికి టైమ్ పడుతుంది మరి. అపిక్సబాన్ అలా కాదు, గంటల్లో పనిచేస్తుంది. వార్ఫరిన్ ఆపేసి, ఐఎన్‌ఆర్ 2 కంటే కిందికి దిగాకే మొదలుపెట్టాలి. ఆ రోజు అమ్మది 3.4. ఒక జోడీ సరైనదని అలవాటు పడిన కంటికి ఈ తప్పు జోడీ కూడా మామూలుగానే కనబడింది. ఆ గుండె డాక్టరు గారికి ఫోన్ చేయమని డ్యూటీ డాక్టర్ని పట్టుబట్టాను. మొహం మాడ్చుకునే చేశాడు. ఆ రాత్రికి రెండూ ఆపమన్నారు.

కంప్యూటర్లు వస్తే ఇవన్నీ పోతాయంటారు. ఏం పోతాయి? ప్రతి మందుకీ ఓ హెచ్చరిక వస్తుంటే చదవకుండానే ఓకే నొక్కేస్తారు. చేత్తో రాసినప్పుడు యూనిట్లకి పెట్టే ‘యు’ సున్నాలా కనబడి హెపారిన్ డోసు పదింతలయ్యేది, ఇప్పుడు పాత లిస్టు ఉన్నదున్నట్టు కాపీ అవుతోంది. డిశ్చార్జ్ రోజు టైపు చేసిచ్చిన కాగితంలో వార్ఫరిన్ మళ్లీ ప్రత్యక్షం. అడిగితే "సిస్టమ్‌లో అలాగే వచ్చిందండీ" అన్నారు. దాన్ని కొట్టేయించి, పక్కన డాక్టరు సంతకం పెట్టించుకున్నాకే అమ్మని మంచం దింపాను.