సీసం పట్టిన నరాలకు పరిహారం

ప్రశ్న: మా బావగారికి 40 ఏళ్లు. ఆరుగురు పనిచేసే చిన్న యూనిట్‌లో ఏడేళ్లుగా పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగిస్తున్నారు. జీతం నెలకు 14,000 రూపాయలు, ఈఎస్ఐ లేదు. కొన్నాళ్లుగా కుడి మణికట్టు వాలిపోయి మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తలేకపోతున్నారు. రక్తంలో సీసం ఎక్కువగా ఉందని డాక్టరు చెప్పారు. నిద్ర లేదు, మతిమరుపు, అయినదానికీ కానిదానికీ కోపం. చేతికైతే ఏదో ఇస్తాను గానీ మనసు జబ్బుకు చట్టంలో చోటు లేదని యజమాని అంటున్నారు. నిజమేనా?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: యజమాని చెప్పినదాంట్లో సగం నిజముంది, కానీ ఆ సగం మీ బావగారికి వర్తించదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలోనూ, దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ వృత్తి వ్యాధుల జాబితా మూడో షెడ్యూలులోనే ఉంది. అందులో కుంగుబాటు, ఆందోళన వంటి మానసిక వ్యాధుల పేర్లు లేవు. సీసం వల్ల కలిగే వ్యాధులు మాత్రం మొదటి భాగంలోనే ఉన్నాయి. పాదరసం, మాంగనీసు వంటివి ఉన్న రెండో భాగానికి ఒకే యజమాని వద్ద కనీసం ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసి ఉండాలన్న షరతు ఉంది, మొదటి భాగానికి ఆ షరతు కూడా లేదు.

సీసం మణికట్టు నరంతో ఆగదు, మెదడునూ తాకుతుంది. మతిమరుపు, చిరాకు, నిద్రలేమి ఆ విషం పనే అని డాక్టరు నిర్ధారిస్తే అవి వేరే మనసు జబ్బు కావు, సీసం వ్యాధిలో భాగమే. కాబట్టి రెండింటినీ ఒకే ధ్రువపత్రంలో, కారణంతో సహా రాయించుకోండి. విడివిడి చీటీలు తెచ్చుకోవడమే చాలామంది చేసే పొరపాటు. పనిలో వేధింపుల వల్ల కుంగిపోయినవారి పరిస్థితి ఇంతకంటే కష్టం: జాబితాలో లేని వ్యాధి ఫలానా ప్రమాదం వల్లే నేరుగా వచ్చిందని వారే రుజువు చేయాలి. ఇది చట్టంలోని లోపమని నా అభిప్రాయం.

ఇక లెక్క. శాశ్వతంగా, పూర్తిగా పనికి దూరమైతే జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. 40 ఏళ్లకు గుణకం 184.17 కనుక 8,400ను దానితో హెచ్చిస్తే 15,47,028 రూపాయలు వస్తుంది. నష్టం పాక్షికమైతే అందులో ఆ శాతం మేరకే ఇస్తారు. ఆ శాతం సదరం సర్టిఫికెట్‌లో ఉండే అంగవైకల్య శాతం కాదు, సంపాదనాశక్తి ఎంత పోయిందన్నదాని కొలత. ఎడమ చేయి మోచేతి పైవరకు కోల్పోయిన ఒక వడ్రంగి ఇక వడ్రంగం చేయలేడు కాబట్టి అతనిది నూరు శాతం నష్టమేనని సుప్రీంకోర్టు 1975లోనే తేల్చింది. కుడిచేయి వాలిపోయిన మనిషి బ్యాటరీ పగలగొట్టగలడా అన్నదే మీ వాదన కావాలి.

ఈఎస్ఐ లేదు కాబట్టి చెల్లించవలసింది యజమానే. ఇవ్వనంటే కార్మిక శాఖ అధికారికి దరఖాస్తు చేయండి. బావగారిని ఆ పని నుంచి వెంటనే తప్పించండి. అయితే పని మానాక రక్తంలో సీసం క్రమంగా తగ్గిపోతుంది, తర్వాత చేయించే పరీక్షలో అంత కనిపించకపోవచ్చు. అందుకే ఇప్పటి రక్తపరీక్ష కాగితం అసలుప్రతి మీ దగ్గరే ఉంచుకుని, యజమానికి నకలు మాత్రమే ఇవ్వండి.