అల్లుడూ, సంపు అప్పుడే విప్పొద్దు

కోవూరు

అల్లుడూ,

నిన్న రాత్రి ఫోన్లో జనరేటరు శబ్దం వినిపించావు. ఫోన్లో వింటే ఏ ఇంజనైనా పగిలిపోతున్నట్టే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు తెల్లవారుజామున నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్యల గుంట ఏమవుతుందో నాకూ తెలుసు. అయినా కొట్టుకుంటున్న ఇంజన్ని అలాగే లాగొద్దు. రెండు రాత్రులకు ఇంకోటి అద్దెకు తెచ్చుకో. పోయింది బేరింగే అయితే, ఏదో ఒక రాత్రి పిస్టన్ను కింద తిరిగే క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు ఇంజను బ్లాకును పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఇక దాన్ని తూకానికి అమ్ముకోవడమే.

మెకానిక్కు వచ్చీ రాగానే 'ఫుల్ ఇంజన్ పని' అంటాడు. ఆగమను. ఆ తప్పు నేనూ చేశాను. చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ కంప్రెసరు ఒకటి దబదబ కొడుతోందంటే, మండుటెండలో సంపు, అంటే ఇంజను అడుగున ఆయిలుండే తొట్టి, దించి బేరింగులు చూశాను. అద్దాల్లా ఉన్నాయి. తీరా చూస్తే ఇంజనుకూ కంప్రెసరుకూ మధ్య కప్లింగు రబ్బర్లు అరిగి బోల్టులు ఊగుతున్నాయి. పూట పనికి రెండు రోజులు పట్టింది, కూలి అడగడానికి మొహం చెల్లలేదు. అందుకే ముందు కప్లింగు, ఫ్లైవీలు, ఫౌండేషన్ బోల్టులు చూడు.

అవి బిగువుగానే ఉంటే పొడవాటి స్క్రూడ్రైవరు తీసుకో. మొన ఇంజనుకు ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుని విను. భుజం మీద తువ్వాలు మాత్రం తీసేయ్, ఫ్యాను బెల్టు లాక్కుంటుంది. పైన హెడ్డు దగ్గర సన్నగా టిక్ టిక్ అంటే వాల్వులను కదిపే ట్యాపెట్లు. పొద్దున్నే గట్టిగా కొట్టి వేడెక్కాక తగ్గిందంటే పిస్టను సిలిండరు లోపలి లైనర్లో ఊగుతోంది, దానికి ఈ రాత్రికి రాత్రే టెన్షన్ పడక్కర్లేదు. కింద క్రాంకు వైపు నుంచి బరువుగా దబ్ దబ్ మంటూ, ఏరియేటర్లు ఆన్ చేసి లోడు పడగానే పెరుగుతూ, ఆయిలు ప్రెషరు కూడా దిగుతుంటే మాత్రం వెంటనే ఆపెయ్.

ఏ సిలిండరో తేల్చడానికి, ఇంజను ఖాళీగా తిరుగుతుండగా సిలిండర్లోకి డీజిలు చల్లే నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటే గుడ్డ కప్పి సగం చుట్టు వదులు చెయ్యి. దేన్ని వదిలితే శబ్దం మారుతుందో అదే మన సిలిండరు. వేలు అడ్డం పెట్టొద్దు, ఆ ప్రెషరుకు డీజిలు చర్మంలోకి దూరిపోతుంది. నీది పాత ఇంజను కాబట్టి చెబుతున్నా, కొత్తరకం కామన్ రైల్ ఇంజన్ల మీద ఈ పని చెయ్యకూడదు. తర్వాత స్టాప్ లివరు లాగు. డీజిలు ఆగిన క్షణమే శబ్దం పోతే తప్పు మంటలో, అంటే డీజిలు మండే తీరులో ఉంది. ఇంజను ఆగేదాకా వినిపిస్తే లోపల ఏదో వదులైంది.

మంట తప్పయితే నీ అదృష్టం, తక్కువలో పోతుంది. నాజిల్ డీజిల్ని మంచులా చల్లాలి. చుక్కలు కారుస్తుంటే అది అంటుకోవడం ఆలస్యమై, పోగుపడ్డదంతా ఒక్కసారి భగ్గుమంటుంది. నువ్వు వినేది ఆ దెబ్బే. నాజిళ్లు విప్పి నెల్లూరులో ఇంజను డీజిల్ పంపులు బాగుచేసే షాపులో మిషను మీద చూపించు. ఆ డీజిల్ పంపు విప్పి బిగించాకే ఇది మొదలైందా? అయితే డీజిలు పడే టైమింగు ముందుకు జరిగిందేమో, ఫ్లైవీలు గుర్తుతో సరిచూడమను. నీ షెడ్డులో డీజిల్ డ్రమ్ము ఎప్పుడూ సగం ఖాళీయే కదా, రాత్రి చల్లదనానికి అందులో నీళ్లు చేరతాయి. అడుగు నుంచి ఒక సీసాడు వంచి చూడు, ఫిల్టరు మార్చు.

బేరింగే అని తేలితే ఆయిలు తెల్లగుడ్డలో వడకట్టు. తళుక్కుమనే పొడి కనపడి, అది అయస్కాంతానికి అంటుకోకపోతే చాలావరకు బేరింగు లోహమే. ఉత్త బేరింగులు మార్చి ఊరుకోవద్దు. బేరింగు కూర్చునే క్రాంకు పిన్నును లేతు షాపులో మైక్రోమీటరుతో అడ్డంగా, నిలువుగా కొలిపించు. కోలగా అరిగి ఉంటే గ్రైండింగు చేయించి, పావు మిల్లీమీటరు తక్కువ సైజుకు సరిపడే బేరింగులు వేయించు. బేరింగు కింద సిగరెట్టు పెట్టె అట్ట పెట్టి బిగించే మహానుభావులున్నారు, అలాంటివాడు గుంట గట్టు ఎక్కకుండా చూసుకో. రాడ్లకూ వాటి క్యాపులకూ నంబర్లుంటాయి, ఒకదానిది ఒకదానికి కలవకూడదు. బోల్టులు బిగువు కొలిచే టార్క్ రెంచితోనే బిగించాలి.

శనివారం పొద్దున బస్సుకు వస్తా. ఈలోగా సంపు ఆయిలు దించితే పారబొయ్యకుండా బకెట్లో మూతపెట్టి ఉంచు, నేను చూడాలి. మజ్జిగలో ఉప్పు తక్కువ వెయ్యమని అక్కకు చెప్పు.

మీ మామ