చెరువులో సర్కారు కంప తీయించే ముందు

చిరంజీవి రమణకు,

పెదనాన్న ఆశీస్సులు. చెరువులో సర్కారు కంప తీయించాలని ఊళ్లో అనుకుంటున్నారని, జేసీబీ మాట్లాడుతున్నారని రాశావు. చేయాల్సిన పనే. అయితే నాయనా, కొట్టడం ఇందులో చిన్న భాగం. ఆ తర్వాత మూడు వానాకాలాలు ఆ నేలను కనిపెట్టుకుని ఉండే మనిషి లేకపోతే, ఒక్క కాండం ఉన్నచోట ఏడెనిమిది లేచి ఇప్పటికన్నా చిక్కగా అల్లుకుంటుంది.

ఇది మెక్సికో, మధ్య అమెరికా వైపు చెట్టు. 1870లలో విత్తనాలు తెప్పించి మన కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. కరువు నేలలో వంటచెరకు దొరుకుతుందన్నది అప్పటి ఆలోచన, అది నెరవేరింది కూడా. బయటి నుంచి వచ్చిందల్లా చెడ్డదని నేననను. మిరప, వేరుశనగ, టమాట కూడా అటునుంచి వచ్చినవే, కానీ అవి మనం విత్తితేనే మొలుస్తాయి. దీని కాయ తీపి. పశువు తింటుంది, గింజ అరక్కుండా పేడలో పడి ఎక్కడికంటే అక్కడికి పోతుంది. దీని ఆకు రాలినచోట గడ్డి మొలవడం కష్టం. గుజరాత్‌లోని బన్నీ గడ్డిభూమిలో ఉప్పునేల పాకకుండా ఆపుతుందని 1960ల మొదట్లో నాటితే, ఇప్పుడు సగానికి పైగా నేలను అదే కమ్మేసింది.

జేసీబీ రాకముందే ఒక పూట చెరువంతా తిరిగి మన చెట్లకు సున్నం పట్టీలు వేయించు. డ్రైవరుకు ముళ్లచెట్లన్నీ ఒకటిగానే కనిపిస్తాయి. సర్కారు కంపకు ఆకు పుట్టే కణుపు దగ్గర ముళ్లు ఉంటాయి, పువ్వు లేత పసుపు రంగులో వేలెడు పొడుగు కంకి. నల్లతుమ్మ పువ్వు గుండ్రటి పసుపు బంతి, కాయ పూసలు గుచ్చినట్టు నొక్కులు నొక్కులుగా ఉంటుంది. జమ్మికి ముల్లు చిన్నది, కణుపుల మధ్య కొమ్మ మీద అక్కడక్కడా ఉంటుంది. తెల్లతుమ్మను పాలిపోయిన బెరడుతోనే గుర్తుపట్టొచ్చు. ఈ మూడింటితో పాటు రేగు, కానుగ, ఈత ఏది కనిపించినా వదలకు. కొంగలు గూళ్లు కట్టుకున్న కంపచెట్లు ఉంటే వాటి జోలికిప్పుడే పోవద్దు. పక్కన నాటిన నల్లతుమ్మ గూడు మోసేంత ఎదిగాక చూసుకోవచ్చు.

పని ఫిబ్రవరి, మార్చిలో పెట్టుకో. నీళ్లు ఇంకి మట్టిలో ఇంకా కాస్త తేమ ఉంటుంది, కాయ పండి రాలేలోగా పని అయిపోతుంది. నేల పైకి కోస్తే చెట్టు చావదు, తగలబెట్టినా చావదు. మళ్లీ చిగురు వేసే మొగ్గలు కాండం, వేరు కలిసేచోట మట్టిలో ఉంటాయి. చుట్టూ తవ్వి ఆ దుబ్బును జానెడున్నర లోతు దాకా పెకలించాలి. దానికింద మిగిలిన వేళ్లు చిగురించవు, వాటికోసం గుంతలు లోతు చేసి డబ్బు పోసుకోకండి. మొద్దుల మీద డీజిలు, పాత ఇంజినాయిలు పోద్దామని ఎవరో ఒకరు అంటారు. పశువులు తాగే నీళ్లవి, ఒప్పుకోవద్దు.

కట్ట మీద మాత్రం జేసీబీ పెట్టనీయకు. పెద్ద వేళ్లు లాగిన బొరియల్లోంచి నీళ్లు ఊట పట్టి, చెరువు నిండిన రోజు కట్ట తెగే ప్రమాదం ఉంది. అక్కడ మనుషుల చేత దుబ్బు వరకే తీయించి, గుంతను అరజానెడు మందం పొరలుగా తడిమట్టి వేసి దిమ్మిస పెట్టించు. దుబ్బు కూడా తీయలేనిచోట చిగురు వచ్చినప్పుడల్లా, రెండు మూడు వారాలకోసారి గిల్లేస్తూ పోవాలి. హవాయి చెప్పులతో ఎవరినీ దిగనీయకు, ముల్లు అడుగులోంచి దూసుకుపోతుంది. కీలు దగ్గర గుచ్చి విరిగితే వాచిపోతుంది, డాక్టరుకు చూపించాల్సిందే.

మట్టిలో ఉన్న గింజలు ఏళ్లపాటు బతికే ఉంటాయి. తొలి వానలు పడ్డ మూడు వారాలకు ఒకసారి, వానాకాలం ముగిసేలోగా ఇంకోసారి మొక్కలు పీకించు. తడి నేలలో జానెడు మొక్క వేరుతో సహా చేతికొస్తుంది. ఏడాది దాటిందా, గడ్డపార కావాలి. బయట కాయ మేసిన మందను వారం రోజులు వేరేచోట కట్టి ఉంచాకే తీసిన నేలలోకి వదలమని గొర్రెలవాళ్లకు చెప్పు. రాలిన కాయ ఏరి, బాగా ఎండబెట్టి, గింజతో సహా మెత్తగా పిండి పట్టిస్తే గింజ చస్తుంది, దాణా అవుతుంది. దాణాలో ఐదో వంతుకు మించనీయకు. ఉత్త కాయే రోజుల తరబడి తిన్న పశువులకు దవడ పట్టు తప్పుతుంది.

నేల ఖాళీగా ఉంచితే మళ్లీ అదే వస్తుంది. నీళ్లు నిలిచే పల్లంలో నల్లతుమ్మ, అంచుల్లో కానుగ, నేరేడు, మెరకన వేప, రేగు, జమ్మి వేయండి. మూరెడు గుంత, ఐదు మీటర్ల ఎడం. నల్లతుమ్మ గింజల మీద మరిగిన నీళ్లు పోసి రాత్రంతా నాననిచ్చి, జూన్‌లో నేరుగా విత్తితే చాలు. త్వరగా పచ్చబడుతుందని సుబాబుల్, కోనోకార్పస్ లాంటి పరాయి చెట్లు తెస్తామంటే మాత్రం గట్టిగా వద్దను.

సర్కారు కంప కట్టెల మీద పొయ్యి వెలిగించుకునే ఇళ్లు, బొగ్గు కాల్చి బతికేవాళ్లు మన ఊళ్లో ఉన్నారు. అంతా ఒకే ఏడు తీయొద్దు. నీటికి దూరంగా ఒక ముక్క వాళ్లకు వదిలి, చెట్టుకు ఒకే కాండం ఉంచి మిగతావి కోసుకోమనండి, కాయ మాత్రం రాలకముందే ఏరాలి.

కట్టె ఊరికే ఇస్తే కాంట్రాక్టరు పైది కోసుకుని మొద్దు వదిలి పోతాడు. దుబ్బు తీయాలని కాగితం మీద రాయించు, డిపాజిట్ పెట్టించు. వానలు పడి చిగురు రాలేదని మీరు చూసుకున్నాకే అది తిరిగివ్వండి. అన్నిటికన్నా ముందు ఆ చెరువు పంచాయతీ కింద ఉందో, నీటిపారుదల శాఖ కింద ఉందో కనుక్కుని, తీర్మానం, అనుమతి చేతిలో పెట్టుకున్నాకే జేసీబీకి అడ్వాన్సు ఇవ్వు.

ఇట్లు,
మీ పెదనాన్న