చాట్‌బాట్లు కౌన్సెలింగ్ చేస్తుంటే క్లినికల్ సైకాలజీ ఎందుకు?

ప్రశ్న: వరంగల్‌లో బీఏ సైకాలజీ చివరి ఏడాదిలో ఉన్నాను. క్లినికల్ సైకాలజిస్టు కావాలని కోరిక. ఫోన్‌లో ఏఐనే కౌన్సెలింగ్ ఇస్తుంటే ఇంకో నాలుగేళ్లు చదవడం దేనికని నాన్న అంటున్నారు. అసలు థెరపిస్టులు ఏఐని ఎలా చూస్తున్నారు?

జవాబు: వాడుతున్నారు, కానీ మీ నాన్నగారు అనుకుంటున్న చోట కాదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ సర్వేలో, గడిచిన ఏడాదిలో ఒక్కసారైనా ఏఐ వాడామన్న సైకాలజిస్టులు 2024లో 29 శాతం, 2025లో 56 శాతం. ఎక్కువమంది వాడేది ఈమెయిళ్లు, చిత్తుప్రతులు, సారాంశాల వంటి రాతపనికే. క్లయింటు సమాచారం బయటికి పోతుందన్న భయం మాత్రం వాళ్లను వదల్లేదు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2025 ఆగస్టులో తెచ్చిన చట్టమూ గీత అక్కడే గీసింది. ఆఫీసు పనికి ఏఐ సరే, చికిత్స మాత్రం లైసెన్సున్న మనిషే చేయాలి.

ఈ జాగ్రత్తకు కారణం ఉంది. తిండికి సంబంధించిన రుగ్మతలున్నవారి కోసం అమెరికాలో పెట్టిన 'టెస్సా' అనే చాట్‌బాట్ 2023లో వాళ్లకే బరువు తగ్గే చిట్కాలు చెప్పడంతో దాన్ని ఆపేశారు. మరోవైపు అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ పరిశోధకుల చాట్‌బాట్ 'థెరాబాట్' 210 మందితో చేసిన పరీక్షలో మంచి ఫలితాలే ఇచ్చింది; అవి 2025లో ప్రచురితమయ్యాయి. అయితే అక్కడ సంభాషణలను మనుషులు గమనిస్తూనే ఉన్నారు.

పని ఎక్కడ తేడా కొడుతుందో చూడండి. డిప్రెషన్‌ను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నపత్రంలో తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 5-9 మధ్య వస్తే 'స్వల్పం'. ఒకరికి 6 వచ్చిందనుకోండి. మొత్తం మాత్రమే చూసే యాప్‌కు కంగారు పడాల్సిందేమీ కనబడదు. కానీ ఆ ఆరులో రెండు తొమ్మిదో ప్రశ్నకు వచ్చినవైతే? అది చనిపోతే బాగుండుననే ఆలోచనల గురించి అడిగే ప్రశ్న. చేయి తిరిగిన థెరపిస్టు చూపు ముందు ఆ గడి మీదే పడుతుంది. అక్కడ సున్నా లేకపోతే మిగతావన్నీ పక్కన పెట్టి నేరుగా అడుగుతారు.

సెషన్ విని నోట్స్ రాసే టూల్స్‌తో ఇంకో చిక్కు. నమూనాలో ఖాళీ ఉంటే అవి నింపేయొచ్చు. మీరు అడగనే అడగని ప్రశ్నకు 'ఆత్మహత్య ఆలోచనలు లేవు' అని రాసుండొచ్చు. కింద సంతకం మాత్రం మీది! పైగా మన మాటల తీరొకటి. 'ఈ ఇంట్లో రోజూ చస్తున్నా' అనేది విసుగు కావచ్చు. 'ఇక నాదేముందిలెండి, పిల్లలకు అన్నీ సర్దేశాను' అని నెమ్మదిగా అన్నారంటే అక్కడ ఆగి అడగాలి. మాటల్ని మాత్రమే పట్టుకునే యంత్రం మొదటిదానికి ఉలిక్కిపడి రెండోదాన్ని వదిలేయొచ్చు.

మీరిప్పుడు చేయాల్సింది: కేస్ రిపోర్టు అసైన్‌మెంట్లను ఉచిత చాట్‌బాట్‌లో పేస్ట్ చేసే అలవాటు చేసుకోవద్దు. పేరు తీసేసినా 'హనుమకొండ, బ్యాంకు ఉద్యోగి, కవల పిల్లలు' అంటే మనిషి దొరికిపోతాడు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ గోప్యతను రోగి హక్కుగా చెబుతోంది. ఏఐని క్లయింటు పాత్రలో పెట్టి ప్రశ్నలు అడగడం సాధన చేయొచ్చు, తప్పులేదు. కాకపోతే అది రెండు మాటలకే ఒప్పేసుకుంటుంది. పావుగంట నోరు విప్పని క్లయింటుతో కూర్చోవడం నేర్పదు. అది సూపర్‌వైజర్ దగ్గరే నేర్చుకోవాలి.

ఇక నాలుగేళ్ల సంగతి. ఎంఏ లేదా ఎమ్మెస్సీ రెండేళ్లు, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపున్న ఎం.ఫిల్ రెండేళ్లు, తర్వాత ఆ కౌన్సిల్ ఇచ్చే సీఆర్ఆర్ (రిజిస్ట్రేషన్) నంబరు: ఇన్నాళ్లూ నడిచిన దారి ఇది. ఇప్పుడు మారుతోంది. నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్‌ను, ఎంఏ క్లినికల్ సైకాలజీని ఆర్‌సీఐ కొత్తగా తెచ్చింది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. 'క్లినికల్' అన్న పేరు చూసి చేరతారు, ఆ కోర్సుకు ఆర్‌సీఐ ఆమోదం ఉండదు, చివరికి రిజిస్ట్రేషన్ రాదు. ఫీజు కట్టే ముందే ఆ కాలేజీలో ఆ కోర్సుకు, మీరు చేరే విద్యాసంవత్సరానికి అనుమతి ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూసి, ఆ పేజీని ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి.